గొంతు మారింది... వెళ్లాలా, వద్దా?

గాయకుడు వెళ్లిపోయాడు. పాట మిగిలింది. వాయించేవాళ్లు మిగిలారు. వినేవాళ్లూ మిగిలారు. కొన్నేళ్లకు ఆ వాయించేవాళ్లే మరో గొంతును వెంటబెట్టుకుని, అదే పేరుతో, అవే పాటలతో మళ్లీ వస్తున్నామంటే? సంబరంగా టికెట్టు కొనుక్కోవాలా? పోయినవాడి మీద గౌరవంతో ఇంట్లోనే ఉండిపోవాలా?

వినడానికి చిన్న ప్రశ్నే. ఆ పాటలతో పనిలేనివాళ్లకైతే అసలు ప్రశ్నే కాదు. 'నచ్చితే వెళ్లు, లేకపోతే మానెయ్' అనేస్తారు. కానీ ఓ గొంతును ఇరవై ఏళ్లపాటు చెవుల్లో దాచుకున్నవాడికి అది అంత తేలిగ్గా తెగే వ్యవహారం కాదు. 2025లో హైదరాబాద్ కూకట్‌పల్లిలోని ఓ ఇంట్లో కొన్ని వారాలపాటు నలిగిన ప్రశ్న ఇదే. ముంబయిలో 2026 జనవరిలో జరిగే 'లొల్లాపలూజా' సంగీతోత్సవానికి వచ్చే బృందాల జాబితా బయటికొచ్చింది. అందులో లింకిన్ పార్క్ పేరుంది. ఆ అమెరికా రాక్ బ్యాండ్ అంతకుముందెప్పుడూ మన దేశానికి వచ్చింది లేదు. ఆ ఇంటాయన దాదాపు పాతికేళ్లుగా ఎదురుచూసింది ఆ పేరు కోసమే. తీరా వస్తున్నారని తెలిశాక మాత్రం టికెట్టు కొనడానికి చెయ్యి రాలేదు. ఎందుకంటే, అతను ఎదురుచూసిన మనిషి ఆ బృందంలో లేడు. ఎనిమిదేళ్ల క్రితమే ఈ లోకం నుంచే వెళ్లిపోయాడు.

గదిలో ఐదో మనిషి

అతను సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. వయసు నలభై రెండు. సొంతూరు గుడివాడ దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. 2001లో ఇంజినీరింగులో చేరాడు. హాస్టల్లో గదికి నలుగురు. నలుగురూ చందాలేసుకుని విడిభాగాలు కొని బిగించుకున్న కంప్యూటరొకటి, దానికి రెండు చిన్న స్పీకర్లు. ఆ రోజుల్లో హాస్టళ్లలో చేతులు మారే ఆస్తి ఏదైనా ఉందంటే అది ఎంపీత్రీ సీడీనే. ఒక్క సీడీలో నూటయాభై పాటలు! కొత్త తెలుగు సినిమా పాటలు, రెహమాన్ పాటలు... వాటి చివర ఎక్కడో ఓ మూల ఇంగ్లిషు పాటలు.

ఖమ్మం నుంచి వచ్చిన స్నేహితుడు ఓ రాత్రి అలాంటి సీడీ తెచ్చి, ఒక పాట పెట్టాడు. మొదట ఒకతను లయకు తగ్గట్టు గబగబా మాటలు చెప్పుకుంటూ పోతున్నాడు. ఆ మాటలు ఆగిన చోట ఇంకొకతని గొంతు లేచింది. సన్నగా మొదలై, చూస్తుండగానే కేకయింది. ఆ కేకలోనూ శ్రుతి తప్పలేదు. మనవాడికి మాటలు సగం కూడా అర్థం కాలేదు. కానీ తాను పైకి చెప్పుకోలేనిదేదో ఎవరో తన తరఫున అరిచి చెబుతున్నట్టనిపించింది. ఆ కేక పెట్టిన గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్. ఆ రోజు నుంచి నలుగురుండే ఆ గదిలో అతను ఐదో మనిషి.

మూడో ఏడాది మొదటి సెమిస్టర్లో నాలుగు సబ్జెక్టులు పోయాయి. బడిపంతులైన తండ్రికి ఆ సంగతి చెప్పే ధైర్యం లేదు. తిండి తగ్గింది, నిద్ర పోయింది, తరగతులకు వెళ్లడం మానేశాడు. రాత్రుళ్లు వచ్చే ఆలోచనలు మంచివి కావు. అందరూ పడుకున్నాక చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని తెల్లారేదాకా అవే పాటలు వినేవాడు. విషయం పసిగట్టిన స్నేహితుడు ఎస్టీడీ బూతుకు పరిగెత్తి గుడివాడకు ఫోన్ చేశాడు. తెల్లారేసరికి తండ్రి బస్సు దిగాడు. ఒక్క మాట అనలేదు. పక్కన కూర్చోబెట్టుకుని టిఫిన్ తినిపించి, ఇంటికి తీసుకెళ్లాడు. వారం తరవాత మళ్లీ తీసుకొచ్చి దించాడు. పోయిన నాలుగు సబ్జెక్టులూ తరవాతి ఏడాది గట్టెక్కాయి.

పాటే తనను బతికించిందని అతను ఎప్పుడూ అనడు. బతికించింది స్నేహితుడు చేసిన ఫోనూ, నాన్న ఎక్కిన బస్సూనే. కాకపోతే, ఆ ఫోనుకూ ఆ బస్సుకూ ముందు కొన్ని రాత్రులున్నాయి. ఆ రాత్రుల్లో తోడున్నది మాత్రం ఆ గొంతే.

అతనే నిలబడలేకపోతే...

చెస్టర్ జీవితం కూడా నల్లేరు మీద నడకేం కాదు. చిన్నప్పుడు లైంగిక వేధింపులకు గురయ్యాడు. తల్లిదండ్రులు విడిపోయారు. మత్తుకు బానిసై, బయటపడటానికి ఏళ్ల తరబడి పోరాడాడు. ఈ సంగతులేవీ అతను దాచుకోలేదు, ఇంటర్వ్యూల్లో చెప్పాడు. పాటల్లో వినిపించిన బాధ అరువు తెచ్చుకున్నది కాదని అభిమానులకు తెలుసు. 2000 అక్టోబరులో వచ్చిన 'హైబ్రిడ్ థియరీ' ప్రపంచవ్యాప్తంగా రెండు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అందులోని 'క్రాలింగ్' పాటకు 2002లో గ్రామీ వచ్చింది. 2003లో 'మీటియోరా' వచ్చింది. అమెరికా కుర్రాళ్ల గదుల్లో మోగిన ఆ పాటలు ఆంధ్రదేశపు హాస్టళ్లలోనూ అదే పనిగా మోగాయి.

2017 జులై 20న చెస్టర్ ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 41.

హైదరాబాద్‌లో ఆ వార్త చదివినప్పుడు మన ఇంజినీరుకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. 'నన్ను నిలబెట్టినవాడు తను నిలబడలేకపోయాడా? మరి నేను నమ్మిందంతా ఏమిటి?' అనుకున్నాడు. ఆ కోపం చల్లారడానికి ఏడాది పట్టింది. కారులో, ఫోన్లో ఆ పాటలు అలాగే ఉండిపోయాయి కానీ పెట్టుకోవడం మానేశాడు. పాట తోడుంటుంది సరే, పాడేవాడికి తోడెవరు? ఆ ప్రశ్న అర్థమయ్యాక కోపం పోయి, దాని చోట బెంగ మిగిలింది.

ఆ ఏడాది అక్టోబరు 27న లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్ బౌల్ ఆరుబయలు రంగస్థలం మీద లింకిన్ పార్క్ మిగతా సభ్యులు చెస్టర్ స్మృతిలో ఓ కచేరీ చేశారు. ఎందరో గాయకులు వచ్చి తలో పాటా అందుకున్నారు. 'నంబ్' పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం చెస్టర్ చోటులోకి ఎవరూ రాలేదు. బృందం వాయించింది. పాటంతా జనమే పాడారు. ఇంటర్నెట్‌లో ఆ దృశ్యం చూసినప్పుడు మనవాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా లోపలే ఉండిపోయిన ఏడుపు అది.

ఏడేళ్ల తరవాత

తరవాత ఏడేళ్లు ఆ బృందం రంగస్థలం ఎక్కలేదు. 2024 సెప్టెంబరు 5న ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారమైన ఓ కచేరీతో తిరిగొచ్చింది. కొత్త గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్. అంతకుముందు 'డెడ్ సారా' అనే రాక్ బ్యాండ్‌లో పాడేది. డ్రమ్స్ దగ్గరా కొత్త మనిషే. పాతవాళ్లలో మొదటి నుంచీ ర్యాప్ పాడుతూ, పాటలల్లుతూ బృందానికి వెన్నెముకగా ఉన్న మైక్ షినోడా ఉన్నాడు. అదే ఏడాది నవంబరులో 'ఫ్రమ్ జీరో' ఆల్బమ్ వచ్చింది. సున్నా నుంచి మొదలన్నది ఒక అర్థం. ఈ బృందం తొలినాళ్ల పేరు కూడా 'జీరో'నే అన్నది రెండో అర్థం.

అందరూ చప్పట్లు కొట్టలేదు. చెస్టర్ తల్లి, తనను మోసం చేసినట్టుగా ఉందని ఆవేదన చెందింది. అతని కొడుకుల్లో ఒకరు బాహాటంగానే తప్పుబట్టారు. అభిమానులూ రెండుగా చీలిపోయారు. 'అదే పేరెందుకు? కొత్త పేరు పెట్టుకోవచ్చుగా' అన్నారు కొందరు. 'వాళ్ల బృందం, వాళ్ల పాటలు. మనమెవరం కాదనడానికి?' అన్నారు ఇంకొందరు.

ఈ గొడవలో చాలామంది మర్చిపోయిన సంగతొకటుంది. నిజానికి చెస్టర్ కూడా మొదటి గాయకుడు కాదు. 1996లో కాలిఫోర్నియాలో స్నేహితులు కలిసి మొదలుపెట్టిన ఆ బృందానికి మొదట పాడింది మార్క్ వేక్‌ఫీల్డ్. అతను వెళ్లిపోయాక 1999లో అరిజోనా నుంచి వచ్చినవాడు చెస్టర్. అంటే, కోట్లమంది 'అసలు గొంతు' అనుకున్నది కూడా ఒకప్పుడు 'కొత్త గొంతే'! కాకపోతే ఆ మొదటి గొంతును ప్రపంచం వినలేదు కాబట్టి ఎవరికీ లోటు తెలియలేదు. లోటు తెలియాలంటే ముందు ప్రేమ ఉండాలి కదా.

తలోదారి

ఇలాంటి కష్టం వచ్చిన బృందం ఇదొక్కటే కాదు. ఒక్కొక్కరూ ఒక్కో దారి ఎంచుకున్నారు.

ఆస్ట్రేలియా బృందం ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో చనిపోయాడు. మిగతావాళ్లు నెలల్లోనే బ్రయన్ జాన్సన్‌ను తెచ్చుకుని, అదే ఏడాది జులైలో 'బ్యాక్ ఇన్ బ్లాక్' విడుదల చేశారు. ఆ అట్ట పూర్తిగా నలుపు. పోయినవాడికి సంతాప సూచకంగా వేసిన నలుపు అది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడుపోయిన ఆల్బమ్‌లలో అదొకటైంది.

అదే 1980లో ఇంగ్లండ్‌లో 'జాయ్ డివిజన్' గాయకుడు ఇయాన్ కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. మిగిలిన స్నేహితులు ఆ పేరును అతనితోనే వదిలేసి, 'న్యూ ఆర్డర్' అనే కొత్త పేరుతో పాడుకున్నారు. ఆ సంవత్సరమే 'లెడ్ జెప్లిన్' డ్రమ్మర్ జాన్ బోనమ్ పోయాడు. పోయింది గాయకుడు కాకపోయినా, అతను లేకుండా మేం లేమంటూ బృందాన్నే చాలించుకున్నారు.

ఇక 'క్వీన్'. ఆ బృందానికి ప్రాణమైన ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరూఖ్ బల్సారా. పార్శీల బిడ్డ. జాంజిబార్‌లో పుట్టినా బడి చదువు మన మహారాష్ట్రలోని పంచ్‌గనిలో సాగింది. 1991 నవంబరు 24న అతను కన్నుమూశాడు. తరవాత చాలా ఏళ్లకు మిగిలినవాళ్లు ముందు పాల్ రోడ్జర్స్‌తో, ఆ తరవాత ఆడమ్ లాంబర్ట్‌తో కలిసి కచేరీలు చేశారు. అయితే పోస్టర్ మీద ఒట్టి 'క్వీన్' అని వేసుకోలేదు. 'క్వీన్' అని రాసి, పక్కన కూడిక గుర్తు పెట్టి, ఆ తరవాత కొత్త గాయకుడి పేరు వేశారు. 'ఇతను మాతో కలిశాడు, అతని చోట్లోకి రాలేదు' అని చెప్పకుండానే చెప్పే గుర్తు అది.

వీటిలో ఏది ఒప్పు, ఏది తప్పు? నలుగురూ తమ మనిషిని ప్రేమించినవాళ్లే. కాబట్టి బృందం ఏం చేసిందన్నదాన్ని బట్టి అభిమాని తన లెక్క తేల్చుకోలేడు. మన ఇంజినీరు కూడా ఇవన్నీ చదివి, మొదలెట్టిన చోటికే వచ్చాడు.

చూసినవాడు, చూడనివాడు

ఖమ్మం స్నేహితుడు ఇప్పుడు అమెరికాలో, డాలస్‌లో ఉంటున్నాడు. హాస్టల్లో ఉండగా ఇద్దరూ ఓ ఒట్టు పెట్టుకున్నారు, ఎప్పటికైనా లింకిన్ పార్క్ కచేరీ కలిసి చూడాలని. స్నేహితుడు ముందే అమెరికా వెళ్లాడు. అక్కడ చెస్టర్ పాడుతుండగా ఓసారి చూశాడు కూడా. మనవాడి వీసా రెండుసార్లు వెనక్కొచ్చింది. తరవాత పెళ్లి, పాప, ఇంటి అప్పు... ఒట్టు ఒట్టుగానే ఉండిపోయింది.

ముంబయి వార్త చెప్పగానే స్నేహితుడు అడ్డంగా కొట్టిపారేశాడు. "నేనైతే రాను మామా. చెస్టర్ పాడటం ఈ కళ్లతో చూశాను. ఆ చోట ఇంకొకర్ని చూస్తే, ఇక ఎప్పుడు తలుచుకున్నా ఇదే గుర్తొస్తుంది. అది నాకొద్దు."

ఫోన్ పెట్టేశాక మనవాడికి ఓ సంగతి వెలిగింది. స్నేహితుడు కాపాడుకుంటున్నది ఒక జ్ఞాపకాన్ని. తన దగ్గర కాపాడుకోవడానికి అలాంటి జ్ఞాపకమే లేదు. చూసినవాడు వెళ్లకపోతే దాచుకున్నట్టు. చూడనివాడు వెళ్లకపోతే? రెండోసారి కూడా పోగొట్టుకున్నట్టు కాదూ!

ఇంట్లోనూ తలో మాట. "ఏమండీ, టికెట్టు, విమానం, హోటలు అన్నీ కలిపితే పాప టర్ము ఫీజంత అవుతుంది. వెళ్లాలనుంటే వెళ్లండి, కాదనను. కానీ వెళ్లొచ్చి బాధపడతానంటే మాత్రం వద్దు" అంది భార్య. పదకొండేళ్ల కూతురికైతే ఈ తగువే అర్థం కాలేదు. ఆ పిల్లకు లింకిన్ పార్క్ అంటే 2024లో వచ్చిన కొత్త పాటే. "నాన్నా, ఈవిడ బాగానే పాడుతోందిగా! పాతాయన ఎవరు?" అని అడిగింది. చెస్టర్ ఎవరని తన కూతురే అడిగిన రోజు వస్తుందని అతను అనుకోలేదు.

నాన్న చెప్పిన పుష్పవిలాపం

చిక్కుముడి విప్పింది మాత్రం ఆ ఇంట్లో రాక్ సంగీతమంటే చెవులు మూసుకునే మనిషి. డెబ్బై రెండేళ్ల తండ్రి.

ఆయనకు ఘంటసాల అంటే దైవంతో సమానం. ఘంటసాల పుట్టిన చౌటపల్లి కూడా గుడివాడ వైపే. అందుకని 'మా వాడు' అన్న గర్వం ఓ పిసరు ఎక్కువ. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల మద్రాసులో కన్నుమూసిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదట. అప్పటికి ఈయన ఇరవై ఏళ్లవాడు.

"మరుసటేడు వర్ధంతికి సభ పెట్టార్రా" అని మొదలుపెట్టాడు ఆయన. "ఎవరో ఓ గాయకుణ్ని పిలిపించారు. పుష్పవిలాపం ఎత్తుకున్నాడు. అచ్చం ఘంటసాలే! ఎక్కడ ఊపిరి తీసుకునేవారో అక్కడే తీసుకున్నాడు, ఎక్కడ గొంతు వణికించేవారో అక్కడే వణికించాడు. జనం ఈలలు, చప్పట్లు. నేను మాత్రం కూర్చోలేకపోయాను. కళ్లు మూసుకుంటే ఆయన ఉన్నారు, తెరిస్తే లేరు. మనిషి పోయిన బాధ మళ్లీ మొదటికొచ్చింది. సగంలో లేచొచ్చేశాను. ఆ తరవాత చాలా ఏళ్లు వర్ధంతి సభల గడప తొక్కలేదు."

"మరి మళ్లీ ఎప్పుడు వెళ్లారు నాన్నా?"

"వెళ్లలేదు. అదే నా దగ్గరికొచ్చింది. మా బళ్లో వార్షికోత్సవం. తొమ్మిదో తరగతి పిల్ల పుష్పవిలాపం పద్యాలు పాడతానంది. సన్నటి గొంతు. శ్రుతి కూడా అక్కడక్కడా తప్పింది. ఘంటసాలలా పాడాలన్న ధ్యాసే లేదు దానికి, దానిలాగే అది పాడుకుంది. ఒరేయ్, పువ్వు పడే బాధ నాకు ఆ రోజు అర్థమైందిరా! అంతకుముందు వందలసార్లు విన్నాను. అప్పుడంతా ఘంటసాల గొంతు విన్నాను. ఆ రోజు పద్యం విన్నాను."

కాసేపాగి ఆయనే అడిగాడు. "ఇంతకీ ఈ అమ్మాయి అతనిలా పాడుతోందా, తనలా పాడుతోందా?"

మనవాడు జవాబు చెప్పలేకపోయాడు. ఎందుకంటే, పాత పాటలు ఆవిడ గొంతులో అతను అప్పటిదాకా విననే లేదు. ఏడాదిగా తప్పించుకుంటూ వచ్చాడు.

"మిగిలినవాళ్లనైనా ఏం చెయ్యమంటావ్? ఘంటసాల పోయాడని ఆయన పక్కన వయొలిన్ వాయించినవాళ్లు, తబలా వాయించినవాళ్లు వాయిద్యాలు అటకెక్కించేశారా? వాళ్లకీ పొట్టలున్నాయి. పొట్టలకంటే ముందు చేతులున్నాయి. వాయించే చేతులు ఊరుకోవురా" అన్నాడు తండ్రి.

వంటింట్లోంచి తల్లి కూడా ఓ మాట కలిపింది. 2020 సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యం పోయాక, 'పాడుతా తీయగా' మళ్లీ మొదలైతే చూడనని ఆవిడ శపథం పట్టింది. 1996 నుంచి ఆయన నవ్వు, ఆయన చమత్కారాలు, పిల్లల తప్పుల్ని ఆయన సరిదిద్దే తీరు... అవి లేకుండా ఎలా చూడటం? 2021లో ఆయన కొడుకు చరణ్ ఆధ్వర్యంలో కార్యక్రమం మొదలయ్యాక రెండు వారాలు టీవీ వైపు తిరగలేదు. మూడో వారం పక్క గదిలోంచి ఓ పిల్ల పాట వినిపిస్తే వచ్చి కూర్చుంది. "బాలు లేని లోటు లోటేరా. అది చరణ్ తీర్చాలని నేను కూర్చోలేదు. పిల్లలు పాడుతున్నారు, విందామని కూర్చున్నాను" అంది.

విన్నాక...

ఆ రాత్రి అతను 2024 నాటి కచేరీ వీడియో పెట్టుకున్నాడు. మళ్లీ అర్ధరాత్రి, మళ్లీ చెవులకు హెడ్‌ఫోను. లోపల రెండు భయాలు. ఆవిడ బాగా పాడకపోతే చెస్టర్‌కు అవమానం. అచ్చం చెస్టర్‌లా పాడితే అంతకంటే కష్టం, తండ్రి లేచొచ్చేసిన సభలా ఉంటుంది.

రెండూ జరగలేదు. ఆవిడ కేక ఆవిడదే. చెస్టర్ గొంతులో కేక వెనక ఓ పసివాడి ఏడుపులాంటిది వినిపించేది. ఈవిడ కేకలో తెగింపు ఉంది. ఆడగొంతు కావడమూ ఒకందుకు మంచిదే అయింది. కళ్లు మూసుకున్నా చెస్టర్ అని భ్రమపడే వీల్లేదు. ఆయన చోటు ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ పక్కన నిలబడి ఈవిడ పాడుతోంది. పక్కనే షినోడా ఉన్నాడు. సీడీలో మొదట వినిపించిన ఆ గబగబా మాటల గొంతు అతనిదే. ఇన్నేళ్లూ చెస్టర్ ధ్యాసలో పడి, తనకు తోడున్న రెండో గొంతు గురించి మనవాడు అంతగా ఆలోచించనే లేదు. ఆ రెండో గొంతుకూ స్నేహితుడు పోయాడు. అయినా పాడుతోంది.

కొన్ని పాటలు ఆవిడ గొంతులో అతనికి నచ్చలేదు. ఆ సంగతి దాచలేదు. ఒకట్రెండు చోట్ల వీడియో ఆపేశాడు కూడా. కానీ మళ్లీ పెట్టుకున్నాడు. పాత పాటల మాటలు, అర్థం తెలియకుండానే బట్టీపట్టిన ఆ మాటలు, మొదటిసారి మాటలుగా వినిపించాయి.

ఇక చెస్టర్ తల్లి, కొడుకు మాటేమిటి? దాని గురించీ ఆలోచించాడు. కన్నకొడుకును పోగొట్టుకున్న తల్లికి, తండ్రిని పోగొట్టుకున్న కొడుకుకి ఆ రంగస్థలాన్ని చూడలేకపోయే హక్కుంది. వాళ్ల దుఃఖం అలాంటిది. తాను పోగొట్టుకున్నది ఒక గొంతును. రెండూ ఒకటి కావు. వాళ్ల దుఃఖాన్ని అరువు తెచ్చుకుని తాను ఇంట్లో కూర్చుంటే, అది గౌరవమూ కాదు, నిజమూ కాదు.

లెక్క అక్కడ తేలింది. చెస్టర్‌ను చూడాలని వెళ్తే ముంబయిలో దొరకడు. ఆశ పెట్టుకుంటే ఇంటికొచ్చేది ఏడుపే. కొత్తావిడ పాతవాడికి సాటి వస్తుందో రాదో తూచడానికి వెళ్లడమూ దండగే. తక్కెడలో ఒక పళ్లెం ఎప్పుడూ నేల మీదే ఉంటుంది. అలాకాకుండా, తనలాగే ఏదో ఒక హాస్టల్ గదిలో, ఏదో ఒక చీకట్లో ఆ పాటలు విని ఇంతదాకా నడిచొచ్చిన వేలమంది మధ్య ఓ రాత్రి నిలబడాలనుకుంటే... దానికి ముంబయి సరైన చోటే. వెళ్లనన్న స్నేహితుడిదీ తప్పు కాదు. అతనికి దాచుకోవడానికి ఒకటుంది, దాచుకుంటున్నాడు.

ఒకే ఒక్క టికెట్టు కొన్నాడు. భార్యకు చూపించాడు. "బాధపడి వస్తానేమో, కానీ వెళ్లినందుకు కాదు" అన్నాడు. ఆవిడ నవ్వి, బ్యాగులో ఓ తువ్వాలు ఎక్కువ పెడతానంది. అక్కడ ఆ రాత్రి ఎలా గడిచిందన్నది అతని సొంత సంగతి.

టికెట్టు కొన్న రోజే డాలస్‌కు కబురు పెట్టాడు. స్నేహితుడు కోప్పడతాడేమో అనుకున్నాడు. చాలాసేపటికి జవాబొచ్చింది.

"నంబ్ వచ్చినప్పుడు ఫోన్ చెయ్ మామా. ఆవిడ పాట కోసం కాదు. జనం పాడతారుగా... అది వింటా."